మెడలో గడ్డ, లివర్‌లో మచ్చ: సూది ఒకచోట ముందు, ఇంకోచోట చివర

ప్రశ్న: మా అమ్మకు 52 ఏళ్లు. హైస్కూల్లో తెలుగు టీచరు. మెడకు కుడివైపు థైరాయిడ్ గ్రంథిలో గడ్డ కనిపిస్తే స్కానింగ్, సూది పరీక్ష చేయించాం. గడ్డ 3.2 సెంటీమీటర్లు. సూది పరీక్ష రిపోర్టులో 'ఫాలిక్యులర్ నియోప్లాజం, బెథెస్డా 4' అని రాశారు. ఇది క్యాన్సరా అని అడిగితే, ఆపరేషన్ చేసి చూస్తేగానీ చెప్పలేమన్నారు. ఒక సర్జన్ గ్రంథిలో కుడివైపు సగం తీస్తే చాలన్నారు. ఇంకొకరు మొత్తం తీసేయడమే మంచిదన్నారు. ఈలోగా అమ్మకు కడుపులో మంటగా ఉందని పొట్ట స్కానింగ్ చేయిస్తే లివర్‌లో 2.8 సెంటీమీటర్ల మచ్చ ఉందని, 'హీమాంజియోమా కావచ్చు, కాంట్రాస్ట్ సీటీ చేయించండి' అని రాశారు. థైరాయిడ్ క్యాన్సరే లివర్‌కు పాకిందని మా పెదనాన్న అంటున్నారు. మా మేనమామ నాలుగేళ్ల కిందట లివర్ క్యాన్సర్‌తోనే పోయారు, అందుకని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. లివర్‌కు కూడా వెంటనే సూది పరీక్ష చేయించేద్దామా? థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు పోతుందని ఎవరో చెప్పినప్పటి నుంచి అమ్మ అసలు ఆపరేషనే వద్దంటోంది. మేం ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాల్లో మీ అమ్మగారికి క్యాన్సర్ ఉందని ఎక్కడా లేదు. లేదని కూడా లేదు. ఇలా అటూ ఇటూ తేలని స్థితిలో రోజులు గడపడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఎందుకంటే ఆ రిపోర్టులు రాసే పని నాది. నేను పాథాలజిస్టుని. సూదితో తీసిన కణాలను గాజు పలక (స్లైడు) మీద పరిచి, రంగులు వేసి, మైక్రోస్కోప్ కింద చూసి మాట చెప్పే డాక్టర్లం మేం. పేషెంటుకు మేం కనిపించం, మా మాటొక్కటే కాగితం మీద చేరుతుంది. అందుకే ఆ కాగితం మీద మాట ఎందుకు అలా ఉందో ముందు మీకు చెప్పాలి.

సూది పరీక్ష సరిగా చేయలేదేమో, ల్యాబ్ మంచిది కాదేమో అన్న అనుమానం మీకు వచ్చి ఉండవచ్చు. ఈ రిపోర్టు విషయంలో అలా అనుకోనక్కర్లేదు. థైరాయిడ్ గడ్డల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ పాపిల్లరీ రకం. దాని కణాలకు ఒక ప్రత్యేకమైన ముఖం ఉంటుంది. కణం మధ్యలో ఉండే న్యూక్లియస్ పెద్దదై, లేతబారి, మధ్యలో గాడి పడి ఉంటుంది. అలాంటివి నాలుగు గుంపులు కనబడినా మేం ధైర్యంగా రాస్తాం. ఫాలిక్యులర్ రకం అలా కాదు. అందులో మామూలు గడ్డలోని కణమూ, క్యాన్సర్ కణమూ ఒకే పోలికలో ఉంటాయి. తేడా కణంలో ఉండదు, గడ్డ చుట్టూ ఉండే పొరలో ఉంటుంది. కణాలు ఆ పొరను చీల్చుకుని బయటికి వచ్చాయా, పొరలోని రక్తనాళాల్లోకి దూరాయా అన్నదే తేల్చుకోవాల్సిన విషయం. సూది గడ్డ లోపలి నుంచి కణాలను పీల్చుకొస్తుంది, పొరను తీసుకురాదు. బత్తాయి లోపలి నుంచి రెండు చుక్కల రసం తీసి, తొక్కకు ఎక్కడైనా చిల్లు పడిందో లేదో చెప్పమంటే ఎవరైనా ఏం చెప్పగలరు? దేశంలో ఎంత పెద్ద ల్యాబ్‌కు వెళ్లినా ఆ రసంతో ఆ ప్రశ్నకు జవాబు రాదు.

రిపోర్టులోని 'బెథెస్డా' అమెరికాలో వాషింగ్టన్ పక్కన ఉన్న ఊరి పేరు. 2007లో అక్కడ జరిగిన సమావేశంలో, థైరాయిడ్ సూది పరీక్ష రిపోర్టులు ప్రపంచమంతా ఒకే తీరులో ఉండాలని ఆరు మెట్లు పెట్టుకున్నారు. ఒకటి అంటే కణాలు చాల్లేదు, మళ్లీ తీయాలి. రెండు అంటే మామూలు గడ్డ. మూడు అంటే కణాలు కాస్త తేడాగా ఉన్నా ఏమిటో తేలనిది. ఆరు అంటే క్యాన్సర్. నాలుగు అంటే పైన చెప్పిన చిక్కు. 2023లో సవరించిన లెక్కల ప్రకారం నాలుగో మెట్టు మీద ఉండి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో సగటున నూటికి 30 మందికి క్యాన్సర్ తేలుతోంది. మిగతా 70 మందికి తేలడం లేదు. మీ ఇంట్లో అందరూ ఆ 30నే పట్టుకుని కూర్చున్నట్టున్నారు.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం గురించి మీరు అడగలేదు కానీ, ఎవరో ఒకరు అనే ఉంటారు. థైరాయిడ్‌కు వాడే సూది సాధారణంగా రక్తం తీసే సూది కన్నా సన్నగా ఉంటుంది. దానివల్ల థైరాయిడ్ క్యాన్సర్ పాకడం చాలా చాలా అరుదు. ఆ పరీక్ష చేయించి మీరు మంచి పనే చేశారు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె స్లైడ్లు నా దగ్గరికి వచ్చాయి. నిండా రక్తమే, కణాలు చాలా తక్కువ. 'క్యాన్సర్ కణాలు కనబడలేదు' అని రాసి సంతకం పెట్టాను. నేను రాసింది అబద్ధం కాదు. కానీ 'చూడటానికి కణాలే లేవు, మళ్లీ సూది పరీక్ష చేయాలి' అని రాయాల్సింది. ఆమె ఆ కాగితం చూసుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లింది. ఏడాదిన్నర తర్వాత మెడలో బిళ్లలు కట్టి వచ్చింది. ఆపరేషన్ జరిగింది, బాగానే ఉంది. అయినా ఆ ఏడాదిన్నర ఆమెకు నేను పోగొట్టినదే. అప్పటి నుంచి తెలియని చోట తెలియదని రాయడానికి వెనకాడలేదు. మీ అమ్మగారి రిపోర్టు రాసిన డాక్టరు చేసింది కూడా అదే. 'చెప్పలేం' అన్న మాట నిర్లక్ష్యంగా అన్నది కాదమ్మా.

అయినా మీకు సందేహంగా ఉంటే ఒక పని చేయవచ్చు. ల్యాబ్‌కు వెళ్లి స్లైడ్లు అడగండి. రెండో అభిప్రాయం కోసమని రాసిస్తే ఇస్తారు. వాటిని థైరాయిడ్ స్లైడ్లు ఎక్కువగా చూసే పెద్దాసుపత్రిలోని పాథాలజిస్టుకు చూపించండి. మళ్లీ సూది గుచ్చాల్సిన పని లేకుండానే రెండో మాట దొరుకుతుంది. మూడో మెట్టుకూ నాలుగో మెట్టుకూ మధ్య ఇద్దరు పాథాలజిస్టులు ఏకీభవించకపోవడం మామూలే, కాబట్టి ఇది వృథా ప్రయాస కాదు. స్లైడ్లు తీసుకెళ్లేటప్పుడు స్కానింగ్ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి. స్కానింగ్‌లో గడ్డ ఎలా ఉందో తెలియకుండా కణాలను మాత్రమే చూసి మాట చెప్పమనడం మాకు కష్టమవుతుంది.

ఇక లివర్ సంగతి. పెదనాన్నగారి భయం సహజమైనదే, కానీ ఆయన వేసిన లెక్క కుదరదు. ఫాలిక్యులర్ థైరాయిడ్ క్యాన్సర్ పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకు, ఎముకలకు వెళుతుంది. లివర్‌కు వెళ్లడం అరుదు. థైరాయిడ్‌లోనే మెడుల్లరీ అని వేరే రకం ఉంది, అది లివర్‌కు పోగలదు. దాన్ని పట్టుకోవడానికి కాల్సిటోనిన్ అనే రక్త పరీక్ష ఉంది. మెడుల్లరీ రకం ఒక్కోసారి సూది పరీక్షలో ఫాలిక్యులర్ రకంలా కనబడి మమ్మల్ని పొరబాటు పట్టిస్తుంది. అందుకని మీ అమ్మగారి విషయంలో ఆ పరీక్ష ఒక్కసారి చేయించమని నేనే డాక్టర్‌ను అడిగేదాన్ని. అది మామూలుగా ఉంటే పెదనాన్నగారి అనుమానం చాలావరకు తీరిపోతుంది.

హీమాంజియోమా అంటే రక్తనాళాలు చుట్టచుట్టుకుని ఏర్పడ్డ ముద్ద. లివర్‌లో వచ్చే క్యాన్సర్ కాని కణితుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇదే. ఇంకో పని మీద స్కానింగ్‌కు వెళ్తే ఇది బయటపడటం రోజూ జరుగుతూనే ఉంటుంది. బాధ లేకపోతే దాన్ని కదిలించరు. మందులూ ఉండవు, ఆపరేషనూ ఉండదు. కడుపులో మంట చాలావరకు దీనివల్ల కాకపోవచ్చు, దానికి వేరే కారణం వెతకాలి.

లివర్‌కు వెంటనే సూది పరీక్ష చేయించేద్దామా అని అడిగారు. వద్దు. తొందరపడి ఎవరైనా చేస్తామన్నా ముందు స్కాన్ పూర్తవనివ్వండి అని చెప్పండి. థైరాయిడ్‌కూ లివర్‌కూ ఇక్కడే తేడా. థైరాయిడ్‌లో అల్ట్రాసౌండ్ తర్వాత సూదే ముందు. లివర్‌లో సూది చివర.

ఎందుకో చెబుతాను. లివర్‌కు రెండు దారుల్లో రక్తం వస్తుంది. నాలుగింట మూడు వంతులు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగతాది గుండె నుంచి వచ్చే ధమని ద్వారా. మామూలు లివర్ ఎక్కువగా సిర మీద బతుకుతుంది. లివర్‌లోనే పుట్టే క్యాన్సర్ ధమని మీద బతుకుతుంది. అందుకని కాంట్రాస్ట్ మందు ఎక్కించి, కొన్ని సెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ ఫొటోలు తీస్తే, ధమనిలో మందు ఉన్న సమయంలో క్యాన్సర్ గడ్డ చుట్టూ ఉన్న లివర్ కన్నా ముందే వెలుగుతుంది, తర్వాత ముందే మసకబారుతుంది. హీమాంజియోమా తీరు వేరు. మందు అంచుల్లో ముద్దలు ముద్దలుగా మొదలై, నిదానంగా లోపలికి నిండుతుంది. ఎమ్మారైలో కొన్ని ఫొటోల్లో అది బల్బు వెలిగినట్టు తెల్లగా కనబడుతుంది. సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడైపోయే జబ్బు) ఉన్నవాళ్లలో, దీర్ఘకాలంగా హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో అయితే ఆ వెలిగి మసకబారే తీరు కచ్చితంగా కనబడినప్పుడు, ముక్క తీయకుండానే లివర్ క్యాన్సర్ అని నిర్ధారించి వైద్యం మొదలుపెట్టడం ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. ఎక్కువమందికి వచ్చే మిగతా క్యాన్సర్లలో ముక్క పరీక్ష లేకుండా నిర్ధారణ చేయడం చాలా అరుదు. పాథాలజిస్టుగా నాకు దక్కాల్సిన పని తగ్గినా, ఇది సరైన పద్ధతేనని చెబుతాను.

సూది వల్ల నష్టం ఏమిటంటారా? ఒకవేళ అది క్యాన్సరే అయితే, సూది వెళ్లిన దారిలో కణాలు నాటుకోవడం నూటికి రెండు మూడు సందర్భాల్లో జరుగుతుంది. ఆపరేషన్‌తో పూర్తిగా తీసేయగలిగిన గడ్డకు ఆ ముప్పు ఎందుకు తెచ్చిపెట్టాలి? హీమాంజియోమా అయితే రక్తం కారే భయం. గొర్రెలు, కుక్కలు ఎక్కువగా తిరిగే ఊళ్ల వాళ్లలో కనబడే హైడాటిడ్ తిత్తి అయితే, లోపలి నీరు పొట్టలోకి కారి ఒళ్లంతా తీవ్రమైన అలర్జీ రావచ్చు. మీ రిపోర్టులో నీటి తిత్తి అని లేదు కాబట్టి ఆ చివరిది మీకు వర్తించదు. స్కాన్‌లు అన్నీ అయ్యాక కూడా తేలకపోతే, అప్పుడు లివర్ డాక్టరు, రేడియాలజిస్టు, సర్జన్ కలిసి కూర్చుని ముక్క తీయాలా వద్దా అని నిర్ణయిస్తారు. అప్పుడు చేసే బయాప్సీకి అర్థం ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపిన వాక్యం మేనమామగారి గురించి రాసినది. ఆయనకు లివర్ క్యాన్సర్ దేనివల్ల వచ్చింది? మీ అత్తయ్యగారి దగ్గర పాత ఫైలు ఉంటే ఒకసారి తీయించండి. అందులో 'హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్' అని ఉందేమో చూడండి. లివర్ క్యాన్సర్‌కు దారితీయగల హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉందని దాని అర్థం. ఈ వైరస్ కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. మీ అమ్మమ్మగారికి ఉండి ఉంటే, ఆమె పిల్లల్లో ఒకరికి మించి ఎక్కువమందికి వచ్చి ఉండవచ్చు. అది ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా ఒంట్లో ఉంటుంది. మీ అమ్మగారికి ఈ వైరస్ ఉంటే, 'హీమాంజియోమా కావచ్చు' అన్న మాటను మామూలు మనిషి విషయంలో నమ్మినట్టు నమ్మకూడదు. ఎందుకంటే చిన్న లివర్ క్యాన్సర్ కూడా అల్ట్రాసౌండ్‌లో తెల్లటి మచ్చలా కనబడగలదు. వైరస్ లేకపోతే, లివర్ మామూలుగా ఉంటే, ఆ మాటకు బలం చాలా పెరుగుతుంది. ఇంత తేడా తెచ్చే పరీక్ష కొద్దిపాటి ఖర్చుతో ఏ ల్యాబ్‌లోనైనా అయిపోతుంది. ఫైలు దొరికినా దొరక్కపోయినా రేపే చేయించండి. ఏఎఫ్‌పీ అనే పరీక్ష కూడా రాస్తారు, కానీ అది మామూలుగా వచ్చినంత మాత్రాన క్యాన్సర్ లేదనుకోకూడదు, చాలామంది లివర్ క్యాన్సర్ పేషెంట్లలో అది పెరగదు.

మీరూ చేయించుకోండి. మన దేశమంతటా పిల్లల టీకాల్లో హెపటైటిస్ బి చేరింది 2011లో. మీకు చిన్నప్పుడు ఆ టీకా పడి ఉండకపోవచ్చు. పరీక్ష నెగెటివ్ వస్తే టీకా వేయించుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి.

కాంట్రాస్ట్ సీటీ చేయించమన్నారు కదా. బుక్ చేసే ముందు ఒక్క మాట. సీటీ కాంట్రాస్ట్ మందులో అయోడిన్ ఉంటుంది. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను పీల్చుకుంటుంది. రేపు ఆ గడ్డ క్యాన్సర్ అని తేలి, రేడియో అయోడిన్ వైద్యం (మిగిలిన థైరాయిడ్ కణాలను చంపడానికి ఇచ్చే రేడియేషన్ అయోడిన్) అవసరమైతే, ఒంట్లో ఉన్న ఈ అయోడిన్ తగ్గేదాకా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాల్సి రావచ్చు. థైరాయిడ్ ఇప్పటికే ఎక్కువ పనిచేస్తున్నవాళ్లలో అది ఇంకా రెచ్చిపోయే అవకాశం కూడా ఉంది. ఎమ్మారైలో వాడే గాడోలినియం మందులో అయోడిన్ ఉండదు, పైగా హీమాంజియోమాను తేల్చడంలో ఎమ్మారై చాలా మంచిది. కాబట్టి 'ఆమెకు థైరాయిడ్ గడ్డ కూడా ఉంది, సీటీకి బదులు ఎమ్మారై చేయవచ్చా' అని అడగండి. లివర్ చూసే డాక్టరు ఒకరు, మెడ చూసే డాక్టరు ఇంకొకరు అయినప్పుడు ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు. మధ్యలో మీరే ఉన్నారు. ఎమ్మారై అందుబాటులో లేకపోయినా, ఖర్చు భరించలేకపోయినా సీటీయే చేయించండి. లివర్ సంగతి తేలకుండా నెలలు గడపడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. రెండింటిలో దేనికైనా ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకోవాలి, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్ రిపోర్టు చేతిలో ఉండాలి.

లివర్ సంగతి తేలాకే మెడ ఆపరేషన్‌కు తేదీ పెట్టుకోండి. బెథెస్డా 4 గడ్డ కొన్ని వారాలు ఆగగలదు. అదే లివర్‌లో సిర్రోసిస్ లాంటిది ఉంటే రక్తం గడ్డకట్టే తీరు మారిపోతుంది, మత్తు మందుల లెక్క మారిపోతుంది. మెడలాంటి ఇరుకు చోట ఆపరేషన్ చేసే సర్జన్‌కు, మత్తు డాక్టర్‌కు ఆ సంగతి ముందే తెలియాలి. ఒకవేళ లివర్ మచ్చ ఆపరేషన్ చేయాల్సినదే అని తేలితే, ఎంత తీస్తారన్నదే కాదు, ఎంత మిగులుతుందని కూడా అడగాలి. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే పావు వంతు మిగిలినా మనిషి కోలుకుంటాడు, మిగిలినది పెరుగుతుంది. సిర్రోసిస్ ఉన్న లివర్ అయితే దాదాపు 40 శాతం మిగలాలి. ఆ కొలత స్కాన్‌లోనే ముందుగా వేస్తారు. ప్రస్తుతానికి దాని గురించి మీరు ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు.

సగమా, మొత్తమా? ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెప్పారని మీరు కంగారు పడ్డారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. గడ్డ ఒక్కవైపే ఉండి, రెండోవైపు స్కానింగ్‌లో బాగుండి, మెడలో బిళ్లలు లేకుండా, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ పడి ఉండకపోతే, నేనైతే సగంతోనే మొదలుపెట్టమంటాను. పదిమందిలో ఏడుగురికి క్యాన్సర్ కాని గడ్డకు మొత్తం గ్రంథి తీసేయడం నాకు ఒప్పనిపించదు. సగం మిగిలితే చాలామందికి జీవితాంతం థైరాయిడ్ హార్మోన్ మాత్ర వేసుకునే పని ఉండదు. అయిదుగురిలో ఒకరికి మాత్రం మాత్ర అవసరం పడవచ్చు. తీసిన భాగాన్ని మేం పొర చుట్టూ ముక్కలు కోసి చూసి, పూర్తి రిపోర్టు కొన్ని రోజుల్లో ఇస్తాం. పొరను కాస్త దాటినంతమాత్రాన అందరికీ రెండో ఆపరేషన్ ఉండదు. రక్తనాళాల్లోకి బాగా పాకిందని తేలితేనే రెండోవైపు కూడా తీయమంటారు. ఆపరేషన్ టేబుల్ మీదే ముక్కను గడ్డకట్టించి చూసి చెప్పేయరా అని చాలామంది అడుగుతారు. పాపిల్లరీ రకానికి కొంత పనికొస్తుంది, ఫాలిక్యులర్‌కు దాదాపు పనికిరాదు. పొర మొత్తాన్ని ఇరవై నిమిషాల్లో వెతకడం మావల్ల కాదు.

ఈ సగం, మొత్తం తగువు ఇవాళ్టిది కాదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో థియోడర్ కోఖర్ అనే సర్జన్ ఉండేవారు. ఆయన రోజుల్లో థైరాయిడ్ ఆపరేషన్ అంటే ప్రాణాలతో చెలగాటం. రక్తం కారకుండా, ఓపిగ్గా, ఒక్కో నాళాన్ని కట్టుకుంటూ వెళ్లే పద్ధతితో ఆయన మరణాలను నూటికి ఒకటి లోపుకు తెచ్చారు. కానీ గ్రంథి మొత్తం తీసినవాళ్లు ఏడాదికీ రెండేళ్లకీ ఉబ్బిపోయి, మందకొడిగా మారిపోవడం ఆయన చూసి, 1883లో బయటపెట్టారు. తన ఆపరేషన్ వల్లే ఇలా జరిగిందని ఆయనే చెప్పుకున్నారు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు మాత్ర ఉంది కాబట్టి ఆ దుస్థితి రాదు. అయినా తన పేషెంట్లను మళ్లీ పిలిపించి చూసుకున్న ఆ సర్జన్ అంటే నాకు ఎంతో గౌరవం.

ఇక అమ్మగారి గొంతు. ఆమె భయాన్ని కొట్టిపారేయకండి. రోజూ గొంతుతో పనిచేసే మనిషి ఆమె. స్వరపేటికను కదిలించే నరం తల నుంచి దిగి, ఛాతీ దాకా వెళ్లి, పెద్ద రక్తనాళం కింద మలుపు తిరిగి, మళ్లీ పైకి థైరాయిడ్ వెనకగా ఎక్కుతుంది. ప్రతి వైపూ ఒకటి. ఆపరేషన్‌లో సర్జన్ మొదటి పని ఆ నరాన్ని కళ్లారా చూసి, దాన్ని కాపాడుకుంటూ గ్రంథిని వేరు చేయడం. అనుభవం ఉన్న చేతుల్లో అది శాశ్వతంగా దెబ్బతినడం నూటికి ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది. కొన్నాళ్లు గొంతు బొంగురుపోవడం ఇంకాస్త ఎక్కువమందికి జరుగుతుంది, వారాల నుంచి నెలల్లో తిరిగి వస్తుంది. పైన ఇంకో సన్న నరం ఉంది. అది దెబ్బతింటే మాట పోదు కానీ గొంతెత్తి మాట్లాడటం, పై స్థాయిలో పాడటం కష్టమవుతుంది. టీచర్‌కు ఇది చిన్న విషయం కాదు. అందుకే 'ఆమె టీచరు' అని సర్జన్‌తో ప్రత్యేకంగా చెప్పండి. సగమే తీస్తే ఒకవైపు నరాలకే ముప్పు. రెండోవైపు పూర్తిగా భద్రం. నేను సగం వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణమే.

సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి, ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారని. ఏడాదికి 25కు మించి మొత్తం థైరాయిడ్ తీసే ఆపరేషన్లు చేసే సర్జన్ల దగ్గర చిక్కులు తక్కువని 2017లో అమెరికా నుంచి వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు కోపగించుకోరు. ఆపరేషన్‌కు ముందు ఈఎన్‌టీ డాక్టరు స్వరతంత్రులు రెండూ కదులుతున్నాయో లేదో చూడాలి. ఒకవైపు తంత్రి ముందే పడిపోయి ఉన్నా మాట మామూలుగానే ఉండవచ్చు, అప్పుడు రెండోవైపు ఆపరేషన్ చాలా జాగ్రత్తగా చేయాల్సి వస్తుంది. రక్తం పలచబడే మాత్రలు, ఆస్పిరిన్ వాడుతుంటే ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి, మీకు మీరుగా ఆపకండి. ఇంట్లో వాడే మూలికల మందులు కూడా చెప్పండి.

ఆపరేషన్ రోజు ఒకరి తర్వాత ఒకరు వచ్చి 'మీ పేరేంటమ్మా, ఏ వైపు ఆపరేషన్' అని అడుగుతారు. అమ్మగారు విసుక్కోకుండా ప్రతిసారీ చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టు అది. మన ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దాన్ని పెట్టి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. మత్తు ఇవ్వక ముందే కుడివైపు అని గుర్తు పెట్టారో లేదో మీరూ ఒకసారి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యంగా మీరు మేలుకుని ఉండాల్సింది ఆ మొదటి రాత్రి. ఆపరేషన్ చేసిన చోట లోపల రక్తం చేరడం దాదాపు నూటికి ఒకరికి జరుగుతుంది, ఎక్కువగా మొదటి 24 గంటల్లోనే. కట్టు మీద ఒక్క చుక్క రక్తం లేకపోయినా లోపల చేరవచ్చు. మెడ ఉబ్బుతున్నా, బిగుతుగా ఉందన్నా, పడుకోలేక లేచి కూర్చుంటున్నా, గొంతు మారినా, ఊపిరి అందట్లేదన్నా, పొద్దున డాక్టర్ వచ్చాక చెబుదాం అనుకోవద్దు. అప్పటికప్పుడు నర్సును పిలవండి, డాక్టర్‌ను పిలిపించేదాకా వదలకండి. ఆ సమయంలో మంచం దగ్గరే కుట్లు విప్పి రక్తాన్ని వదిలేయాల్సి రావచ్చు, అదే ప్రాణం నిలుపుతుంది. రాత్రిపూట డ్యూటీలో ఉండే డాక్టరు ఎవరు, సర్జన్ ఎంత సేపట్లో రాగలరు అన్నది ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడే అడగండి. ఏసీ గదులు, పెద్ద అద్దాల భవనం చూసి నిర్ణయించకండి.

మొత్తం తీయాల్సి వస్తే రెండో రోజో మూడో రోజో పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిర్లు రావచ్చు. అది కాల్షియం తగ్గిన గుర్తు, చెబితే మందు ఇస్తారు. సగం తీసినవాళ్లకు ఇది చాలా అరుదు. విటమిన్ డి ముందే చూసి సరిచేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ఖర్చు గురించి మీరు రాయలేదు. మీకు కార్డు ఉంటే, ఆంధ్రలో అయితే ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో అయితే ఆరోగ్యశ్రీ కింద ఏది వస్తుందో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటర్‌లో అడగండి. మీరు కోరుకున్న సర్జన్ ఆ ఆసుపత్రిలో ఉన్నారో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

ఇంకొక్క పని ఉంది, ఇది ఈ రోజే చేయండి. అమ్మగారిని కూర్చోబెట్టి, ఆమె క్లాసులో రోజూ చెప్పే పద్యం ఒకటి మామూలు గొంతుతో ఒకసారి, గొంతెత్తి ఇంకోసారి చదివించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆపరేషన్ తర్వాత గొంతులో తేడా ఉందని ఆమెకు అనిపిస్తే, అది నిజమైన మార్పా లేక భయమా అని ఈఎన్‌టీ డాక్టర్‌కు, స్పీచ్ థెరపిస్టుకు పోల్చి చూసుకోవడానికి ఆ రికార్డింగ్ పనికొస్తుంది. లివర్ ఎమ్మారై, హెచ్‌బీఎస్ఏజీ, కాల్సిటోనిన్ రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి.